కుడిది మళ్ళీ

టోలెఫ్‌సన్ వేలంలో నాలుగు వందల డాలర్లకి
ఈ ఇనుప గొంగళిపురుగుని కొన్నాను.
పాట పాడింది నేనొక్కణ్ణే.
అదీ, చలికి చేతులు రుద్దుకుంటుంటే
చెయ్యెత్తాననుకున్నారు.

నడుస్తుందన్నారు. నడిచింది.
తిరగదని ఎవరూ అనలేదు.

స్టీరింగ్ చక్రం లేని బండి.
రెండు లీవర్లు, రెండు పెడళ్ళు.
ఎటు తిరగాలంటే అటు లీవర్ లాగి
ఆ వైపు పట్టాకి బలం తెంపాలి,
ఆపైన అదే కాలితో బ్రేకు తొక్కాలి.
ఒక పక్క ఆగితేనే ఇంకో పక్క తిప్పుతుంది.
పెళ్ళయి నలభై ఏళ్ళయినవాళ్ళకి
ఇది విడమరచి చెప్పక్కర్లేదంటుంది లోర్నా.

నవంబరు. కోత ముగిసిన పలూస్ గుట్టలు
ఉన్ని కత్తిరించిన గొర్రెల్లా పడుకున్నాయి.
షెడ్డులో సీటు విప్పాం, ట్యాంకు దించాం.
గట్టిపడ్డ మట్టిని ఉలితో చెక్కితే
దాని కింద బోల్టులు,
బోల్టుల మీద ఆర్విడ్ టోలెఫ్‌సన్
పానా జారిన గీతలు.

కుడి గది మూత ఎత్తగానే
మాడిన నూనె వాసన.
క్లచ్ పలకల పళ్ళు సగానికి అరిగి మెట్లు పడ్డాయి.
బ్రేకు పట్టీకి మందమే లేదు,
రివెట్ల తలలు డ్రమ్ముని గీరుతున్నాయి,
ఎన్నాళ్ళనుంచో.

మూతని వెల్లకిలా తిప్పింది లోర్నా.
లోపల మేకుతో గీసిన మాటలు:
యాభై ఏడు. కుడిది.
అరవై నాలుగు. కుడిది మళ్ళీ.
డెబ్బై రెండు. కుడిది మళ్ళీ. వాన.

వాన అని ఎందుకు రాశాడో.

అర్థం కావడానికి ఒక ఫ్లాస్కు కాఫీ పట్టింది.
గుట్ట చుట్టూ అతను ఒకే దిక్కుగా దున్నేవాడు.
కొండ ఎప్పుడూ కుడిచేతి వైపే.
బండేమో పల్లానికి జారుతుంది,
అతనేమో కుడి లీవర్ లాగి ఎగువకి తెచ్చుకుంటాడు,
ఇరవై అడుగులకోసారి,
పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా.
చర్చిలో అతని కోటు కుడి భుజం దగ్గర
ఎప్పుడూ బిగుతుగా ఉండేది.
దర్జీని తిట్టుకునేవాళ్ళం.

అయితే ఎడమది కొత్తగా ఉండాలి కదా!
తెరిచాం. అరుగుదలన్నదే లేదు.
పలకలన్నీ తుప్పుపట్టి
ఒకదాన్నొకటి కరుచుకుని ముద్దయిపోయాయి.
వాడింది అరిగిపోయింది,
వాడనిది అంటుకుపోయింది.
ఈ మాట గోడమీద రాయనా అంటే
ముందు ఆ సుత్తి అందించమంది లోర్నా.

కిరసనాయిల్లో మూడు రాత్రులు నానబెట్టాం.
పలకకీ పలకకీ మధ్య
వెన్న రాసుకునే కత్తి దూర్చి ఊడదీశాం.
నూనె సీళ్ళు ముందు మార్చాం. మార్చకుండా
కొత్త పలకలు వేయడమంటే
కారే చూరు కింద పక్క పరుచుకోవడమే.
ముప్ఫై ఏళ్ళు బడి బస్సు తోలిన లోర్నా
పట్టీకి రివెట్లు కొట్టింది,
నడిమి నుంచి చివరలకి.
చివర నుంచి మొదలెడితే మధ్యలో ఉబ్బుతుందట.
పిల్లల్నీ అలాగే కూర్చోబెట్టేదట.

పదకొండో రోజు ఇంజను దగ్గి, ఉమ్మి, లేచింది.
అంతకుముందు మొరాయించిన లీవరు కదా అని
ఎడమదాన్ని బలంకొద్దీ లాగాను.
రెండు వేళ్ళు చాలునట!
గిర్రున తిరిగింది నా చేతికింద ఆ ముసలి ఇనుము,
కంచె రాటలు రెండు, డీజిలు పీపా ఒకటి
ఎటు పోయాయో చూసుకునేలోపే.

లోర్నా వచ్చి రాటల్ని చూసింది, నన్ను చూసింది.
"తిరుగుతోంది" అంది.

మూతలు బిగించేశాక గుర్తొచ్చింది,
మన ఏడాది రాయలేదని.
విప్పనా అన్నాను.
"నువ్వు మాత్రం గుట్టని ఎటు తిరుగుతావు?
ఎలాగూ విప్పుతావులే" అంది.

మేకు జేబులోనే ఉండిపోయింది.
రేకుల మీద వాన మొదలైంది.